వెనక్కొచ్చి నీళ్ళు తాగే కథ

నేను ఎనిమిదో తరగతి వరకు చదివానని అందరికీ చెప్పుకుంటాను. మా బడి అయ్యవారు వింటే ఒప్పుకోరు. "వాడు ఏడు చదివినాడు, ఎనిమిదిలో కూచున్నాడు, అంతే" అంటారు. ఆ మాట కూడా పూర్తిగా నిజం కాదు. ఎనిమిదిలో నేను కూర్చున్న రోజులకంటే బెంచీ మీద నిలబడిన రోజులే ఎక్కువ. అందులో నాకేమీ బాధ ఉండేది కాదు. బెంచీ ఎక్కితే కిటికీలోంచి శింగనమల రోడ్డు మీద వచ్చీపోయే బస్సులన్నీ కనిపించేవి. ఒకనాడు చూసింది చాలనిపించి బెంచీ దిగాను, బడి దిగాను, మళ్ళీ ఎక్కలేదు.

అలాంటి నేను ఇప్పుడు ఫోన్లలో ఆడుకునే ఆటలకు కథలు సర్దే పనిలో ఉన్నాను. రాసే పని అనడం లేదు, సర్దే పని అంటున్నాను. రాయడం చాలామందికి వస్తుంది. ఒకే కథ నూరు దారుల్లో పోతున్నప్పుడు ఆ నూరింటినీ పట్టుకుని ఒక ఇంటికి తేవడం వేరే పని. అది నాకు ఎలా వచ్చిందో చెబుతాను. నా గొప్పే చెప్పుకుంటున్నానని మీకు అనిపిస్తే, సరిగ్గానే అనిపించిందని అనుకోండి.

మాది పరుపులు కుట్టే ఇల్లు. మా నాయన మోపెడ్ వెనక దూది మూట కట్టుకుని ఊరూరా తిరుగుతాడు. ముందు హ్యాండిలుకు చిన్న మైకు ఉంటుంది. అందులో వచ్చేది నా గొంతు. "అమ్మా, అక్కా, అవ్వా! పరుపులు కుట్టబడును! మీ పరుపు నడిమధ్యలో గుంత పడిందా? ఆయన ఒక గట్టున, మీరొక గట్టున పడుకుంటాండారా? గుంత మేము పూడుస్తాం, కాపురం మాత్రం మీరే చూసుకోవల్ల!" ఇది విని పరుపు లేనివాళ్ళు కూడా బయటికి వచ్చేవారు.

ఒక రోజు బుక్కరాయసముద్రంలో ఆ మైకు వెంబడే ఒకామె రెండు వీధులు నడిచి వచ్చింది. చిలమత్తూరు పక్క ఊరామె, చదువుకుని బెంగుళూరులో ఆటలు తయారుచేసే చిన్న కంపెనీ పెట్టుకుంది. చుట్టాలింటికి వచ్చిందట. మోపెడ్ ఆపించి నేరుగా అడిగింది.

"ఈ మాటలు ఎవరు రాసిచ్చినారు?"

"రాసిచ్చేదేంది మేడం? రాసేది వచ్చింటే ఈ దూది మూట మీద ఎందుకు కూచుంటా?"

"మేడం కాదు, అక్కా అను. బెంగుళూరికి వస్తావా, పనికి?"

మా నాయన మధ్యలో దూరాడు. "పరుపులు కుట్టేదానికా తల్లీ?"

"కాదు పెదనాయనా, మాటలు చెప్పేదానికి."

"మాటలకైతే ఇప్పుడే తీసుకపో. ఇంట్లో శానా మిగిలిపోతాండాయి."

అలా నన్ను పంపించారు. ఊళ్ళో మా అమ్మ నేను పెద్ద రైటరు అయిపోయానని చెప్పింది. నేను ఆమెను ఆపలేదు. ఆపకపోగా నేనూ రెండు మాటలు కలిపాను. దాని ఫలితం తర్వాత అనుభవించాను.

అక్క కంపెనీ అంటే ఒక గది, ఆరుగురు మనుషులు, పది కుర్చీలు. మిగిలిన నాలుగు కుర్చీలు ముందుముందు వచ్చేవాళ్ళ కోసమట. అప్పుడు వాళ్ళు చేస్తున్న ఆట నాకు వినగానే నచ్చింది. మా సీమలో ఒక ఆడమనిషి. నలభై చీనీ చెట్లు, బత్తాయి అంటారే అవి. ఎండాకాలం. బోరు మోటారు కాలిపోయింది. చెట్లు ఎండిపోయేలోగా ఆమె నీళ్ళు తేవాలి. ఆడేవాళ్ళే ఆమె. అనంతపురంలో వైండింగ్ షాపుకు పోవాలా, పక్క తోట రైతును ఒక తడి నీళ్ళు అడగాలా, ట్యాంకరు వాడిని బతిమాలాలా, వాళ్ళే ఎంచుకోవాలి. వాళ్ళ వేలు ఎటు నొక్కితే కథ అటు నడుస్తుంది.

వినడానికి బాగుంది. గోడ చూస్తే మాత్రం గుండె జారింది. గోడ నిండా కాగితాలు, కాగితం నుంచి కాగితానికి ఎర్ర దారాలు. మా ఇంట్లో దారపు ఉండ పిల్లికి దొరికితే అచ్చం అలాగే ఉంటుంది.

ఆ దారాల సంగతి ఆటకు కోడు రాసే కన్నడాయన చెప్పాడు. ఒక ప్రశ్నకు రెండు జవాబులు పెడితే రెండు దారులు. ఆ రెండింటి మీద మళ్ళీ ఒక్కో ప్రశ్న పెడితే నాలుగు. అట్లా ఆరో ప్రశ్నకు అరవై నాలుగు. పదో ప్రశ్నకు వెయ్యి దాటుతుంది. ప్రతి దారికీ మాటలు రాయాలి, బొమ్మ గీయాలి, గొంతు పెట్టాలి. బడిలో నా లెక్కల మార్కులు ఎప్పుడూ పది దాటలేదు కానీ ఈ లెక్క మాత్రం చప్పున బుర్రకెక్కింది. ఉన్నది ఆరుగురం. వెయ్యి దారులు రాసేసరికి మేము ముసలివాళ్ళమవుతాం, చీనీ చెట్లు కట్టెలవుతాయి.

అక్క బెంగ వేరే ఉంది. ఈ ఆటను జనంలోకి పంపే పెద్ద సంస్థవాళ్ళు రెండు నెలల్లో వస్తున్నారు. వాళ్ళకు బొమ్మలు చూపిస్తే చాలదు. సీమ ఊళ్ళో సీమ మనుషులు పదిమంది కూర్చుని ఆడాలి, మధ్యలో లేచిపోకుండా చివరిదాకా ఆడాలి. ఆడితే తెలుగు ఆట నిలుస్తుంది. లేదంటే దాన్ని పక్కన పెట్టి ఇంకేదో చేసుకోమంటారు. తెలుగు ఆటే లేకపోతే తెలుగు మాటలవాడితో పనేముంది? నేను మోపెడ్ ఎక్కాల్సిందే. మోపెడ్ ఎక్కడం నాకు చిన్నతనం కాదు. రైటరునని ఊరంతా చెప్పాక ఎక్కడమే కష్టం.

అందుకే అడగకుండానే నోరు తెరిచాను. "అక్కా, ఈ దారాలు నేను సర్దుతా."

కన్నడాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని నన్ను చూశాడు.

"నలభై రోజులు" అంది అక్క. "నలభై ఒకటో రోజు కూడా గోడ ఇట్లే ఉంటే, ఏమప్పా, నిన్ను నేనే బస్సెక్కిస్తా."

మొదటి పది రోజులు నేను చేసింది సర్దడం కాదు, కత్తెర పట్టుకోవడం. పక్క తోట రైతును అడిగే దారి ఉందా, రైతు ఇంట్లో లేడని రాశాను. ట్యాంకరు దారి ఉందా, ట్యాంకరు పెళ్ళికి పోయిందని రాశాను. ట్యాంకరు పెళ్ళికి ఎందుకు పోతుందని అడగకండి, మా వైపు పెళ్ళికి ముందు పోయేది ట్యాంకరే. ఇలా అన్ని తలుపులూ మూసేసి ఒకటే తెరిచి పెట్టాను. గోడ శుభ్రమైంది. కన్నడాయన ఆడి చూశాడు.

"ఇది ఆట కాదు గురూ, ఎక్స్‌ప్రెస్ బస్సు" అన్నాడు. "నాకు నచ్చిన చోట దిగుతానంటే దించదు. ఇన్ని బటన్లు సుమ్నె, ఊరికే, ఎందుకు పెట్టినావు?"

ఆయన మాట నిజమే. ఆడేవాళ్ళు ఒకటి ఎంచుకున్నారంటే అది లెక్కలోకి రావాలి. రాకపోతే వాళ్ళకు తెలిసిపోతుంది. తెలిసిందంటే ఫోను పక్కన పెట్టి అన్నానికి లేస్తారు.

ఆ ఆదివారం ముఖం వేలాడేసుకుని ఇంటికి పోయాను. నాయన అరుగు మీద ఎవరిదో పాత పరుపు విప్పి మళ్ళీ కుడుతున్నాడు. దూది అంతా ఒక మూలకు పోయి గడ్డకట్టి ఉంది. ఎవరో నేర్పు లేనివాళ్ళు కుట్టిన పరుపు.

"ఇట్ల మూలకు ఎందుకు పోతాది నాయనా?" ఊరికే అడిగాను. పుట్టినప్పటి నుంచి దూదిలోనే పెరిగినా ఆ మాట ఎప్పుడూ అడగలేదు.

"ఇడిచిపెడితే పోతాది. అట్లని దగ్గర దగ్గరగా కుట్టేస్తే చెక్క అయితాది, పడుకుంటే నడుం నొప్పి." దబ్బనం పై నుంచి కిందికి దించి, దారం బిగించి ముడి వేశాడు. "జానెడుకొక కుట్టు ఏసి పట్టుకోవల్ల. కుట్టుకూ కుట్టుకూ నడుమ దూది ఎట్ల దొర్లితే మనకేంది? కుట్టు కాడికి రాక తప్పదు."

నేను వంగి ఆ కుట్లను వేలితో తడమసాగాను. నాయన తల ఎత్తాడు. "ఏందిరా, బెంగుళూరులో పరుపు చూడలేదా?"

నాకు దారి చూపించావని ఆయనకు చెప్పలేదు. చెబితే మైకులో పెట్టుకుని ఊరూరా వినిపిస్తాడు. ఆ పరుపు పని అయ్యాక ఇంట్లో ఉన్న ఇంకో పాత పరుపు అడిగి తీసుకున్నాను. నేల మీద పడుకుంటున్నానని అమ్మతో అబద్ధం చెప్పాను. బెంగుళూరు చేరాక దాన్ని గోడకు నిలబెట్టాను. దారాలు తీసిపారేసి కాగితాలన్నీ పరుపు మీద గుండుసూదులతో గుచ్చాను. కుట్టు ఉన్న చోటల్లా ఒక ఎర్ర కాగితం పెట్టాను. అది కథ కలిసే చోటు. నడుమ మెత్తగా ఉబ్బిన చోట తెల్ల కాగితాలు. అవి ఇష్టం వచ్చినట్టు పోయే దారులు. అలా నేను అమ్మతో చెప్పిన అబద్ధం నిజమైంది. కథ పరుపు మీద, నేను నేల మీద.

అక్క ఒక ఎర్ర కాగితం మీద వేలు పెట్టింది. "బాగుంది. వెయ్యి రాసే పని లేదు. కానీ ఒక మాట చెప్పు. ఆడేవాళ్ళు ఈ కుట్టు కాడికి ఎందుకు వస్తారు? చెవి పట్టుకుని లాగుతావా?"

నేను ఎర్ర కాగితాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అప్పటికి ఇరవై రోజులు అయిపోయాయి.

అయినా ఉన్నంతవరకు ఎవరిచేతైనా ఆడించి చూద్దామంది అక్క. బుక్కరాయసముద్రంలో మా చిన్నమ్మ ఇంటి ముందు చాప పరిచాం. ఏడుగురు ఆడవాళ్ళు వచ్చారు. మా అమ్మ కూడా వచ్చింది, కొడుకు పెద్దరికం నలుగురికీ చూపించడానికి. ఆట మొదలు ఇలా ఉంటుంది. ఆమె సంచి భుజాన వేసుకుని, తలుపుకు గొళ్ళెం పెట్టి గడప దాటుతుంది. పక్కింటామె పలకరిస్తుంది: "యాడికి పోతాండావ్ మే?" దాని కింద మూడు దారులు. ఆ మాట రాసింది నేనే. చక్కగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

ఏడుగురూ ఆ మూడు దారుల్లో ఏదీ నొక్కలేదు. ఏడుగురూ వెనక్కి పోయే బాణం గుర్తు నొక్కారు. మళ్ళీ మొదటికి వచ్చారు. మళ్ళీ గడప దాటారు, ఆమె మళ్ళీ అడిగింది, వీళ్ళు మళ్ళీ వెనక్కి పోయారు. మూడోసారికి ఫోన్లు చాప మీద పెట్టి మా చిన్నమ్మ చేసిన బొరుగుల ఉగ్గాణి మీద పడ్డారు.

కన్నడాయనకు ప్రాణం పోయినంత పనైంది. ఏడుగురికి ఏడుగురూ ఒకే చోట వెనక్కి తిరిగారంటే కోడులోనే తప్పు ఉండాలని ఆయన నమ్మకం. బెంగుళూరు వచ్చి రెండు రోజులు తిండి మానేసి వెతికాడు. బాణం గుర్తు తీసి చూశాడు, పెట్టి చూశాడు. నేను పక్కనే కూర్చుని టీలు అందించాను. మూడో రోజు మా అమ్మకు ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టాను, ఆయన కూడా వింటాడని.

"అమ్మా, ఆ పొద్దు నువ్వు ఎందుకు వెనక్కి నొక్కినావు?"

"నొక్కక ఏం చేయమంటావ్? చెట్లు ఎండతాంటే పాపం ఆ యమ్మ ఒక్కతే బయల్దేరె. గడప దాటిందో లేదో ఆ పక్కింటిది 'యాడికి' అనె. అట్ల అడిగినాక పోతే పని అయితాదా? లోపలికి తీసకపోయి కూచోబెట్టినా. రెండు గుక్కలు నీళ్ళు తాపిద్దామని చూస్తే నీ ఆటలో కడవ కూడా లేదు. ఎవడురా ఆ మాట రాసినోడు? అమ్మానాయన ఏం నేర్పించలేదా వానికి?"

"కన్నడాయన రాసినాడు లేమ్మా" అన్నాను.

ఆయన పక్కనే ఉన్నాడు. ఆయనకు తెలుగు బాగానే వచ్చు.

మా వైపు సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. బయలుదేరిన మనిషిని ఎక్కడికి అని అడగరు. "దూరమా?" అంటారు. ఎవరైనా నోరు జారి అడిగితే, ఆ మనిషి వెనక్కొచ్చి కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి, మళ్ళీ మొదటిసారి బయలుదేరుతున్నట్టు బయలుదేరాలి. ఇది నాకు ఉగ్గుపాలతో వచ్చిన సంగతే. బెంగుళూరులో మెట్ల దగ్గర కాపలావాడి నుంచి ఆటోవాడి దాకా అందరూ ఎక్కడికి ఎక్కడికి అని అడుగుతుంటే మూడు వారాల్లో నాకు సిగ్గు పోయింది. మా అమ్మకు పోలేదు. ఆ ఏడుగురిలో ఎవరికీ పోలేదు.

ఫోను పెట్టేశాక నేను కుర్చీలోంచి లేచాను. పరుపు వైపు చూశాను. ఎవరూ చెవి పట్టుకుని లాగలేదు. తప్పు దారి అని బోర్డు పెట్టలేదు. ఒక్క మాట అడిగితే ఏడుగురు ఏడు వైపులా పోకుండా వాళ్ళంతట వాళ్ళే ఇంటికి వచ్చారు.

"అక్కా!" అని అరిచాను. "కుట్టు దొరికింది!"

చెప్పింది విని అక్క నెత్తి కొట్టుకుంది. "మా అవ్వ ఇట్ల నన్ను ఎన్నిసార్లు కూచోబెట్టిందో! కాలేజీ మొదటి రోజు రెండు బస్సులు పోయినాయి నాకు." కొట్టుకున్న చెయ్యి దించకుండానే నవ్వడం మొదలుపెట్టింది.

మిగిలిన రోజుల్లో మేము చేసిన పని చెబితే మీకు తేలిగ్గా అనిపిస్తుంది. ఆడేవాళ్ళు ఏ దారినైనా పోనీ. వైండింగ్ షాపులో మోటారు దించి ఇంకో సామాను కోసం బయలుదేరినా, ట్యాంకరు వాడి ఇంటి నుంచి మెయిన్ రోడ్డుకు నడిచినా, ఏదో ఒక మలుపులో పక్కింటామె కూరగాయల సంచితో ప్రత్యక్షమై "యాడికి?" అంటుంది. ఆమె అడిగిందా, ఇంటికి రావాలి, అరుగు మీద కూర్చోవాలి, కడవలో నీళ్ళు తాగాలి. కడవ ఈసారి పెద్దదే గీయించాను. అలాంటి కుట్లు ఐదు. రాను, నమ్మకాలు లేవు అనేవాళ్ళకు కూడా దారి ఉంది. వాళ్ళ బస్సు టైరు పంక్చరై సరిగ్గా ఆ ఇంటి ముందే ఆగుతుంది.

వెనక్కి వచ్చినా ఎంచుకున్నది వృథా పోకూడదు కదా. దానికి సంచి పెట్టాం. నీళ్ళు తాగేటప్పుడు సంచి తెరుచుకుంటుంది. పోయిన దారిలో ఏం దొరికిందో అందులో ఉంటుంది. రాగి తీగ చుట్ట కావచ్చు, అడిగి తెచ్చిన పైపు ముక్క కావచ్చు, పక్క తోట రైతు ఇచ్చిన మాట కావచ్చు. మాట సంచిలో ఎలా పడుతుందని కన్నడాయన అడిగాడు. కొంగు ముడి బొమ్మ గీయమన్నాను. ఆ తర్వాత ఎవరితో ఏం మాట్లాడినా సంచిని బట్టి మాట మారుతుంది. రైతుతో గొడవ పడి వచ్చిన ఆమెకు ట్యాంకరు వాడు ఒక రకంగా జవాబిస్తాడు, పైపు తెచ్చుకున్న ఆమెకు ఇంకో రకంగా. దారి ఒకటే, నడిచే మనిషి వేరు. నేను రాసిన ఏ మాటా రెండుసార్లు ఒకేలా వినిపించదు. ఇది నా గొప్ప, ఇక్కడ కొంచెం ఆగి వినండి.

చివరి కుట్టు దగ్గర మాత్రం మార్చాను. అప్పటికి ఆడేవాళ్ళు పక్కింటామెను తిట్టని తిట్టు ఉండదు. ఐదోసారి గడప దాటుతుంటే ఆమె ఎదురొచ్చి, నోటి దాకా వచ్చిన మాట మింగి, "దూరమా మే?" అంటుంది. "దూరమైతే నేనూ వస్తా పా." ఆ మాటతో ఇద్దరూ కలిసి నడుస్తారు.

ఆట చూపించే రోజు వచ్చింది. చోటు శింగనమల బడి. వేరే చోటు దొరకలేదు. ఊరూరూ బదిలీల మీద తిరిగి మళ్ళీ మా బడికే పెద్దయ్యవారుగా వచ్చిన మా అయ్యవారే ఆదివారం తాళం తీశారు. నన్ను చూసి, "నువ్వా? సెలవు రోజే వచ్చినావు, తెలివైనోడివి" అన్నారు. ఆటకు తొమ్మిది మందే వచ్చారు, పదోవాడికి బస్సు తప్పిపోయింది. అయ్యవారు కళ్ళజోడు సవరించుకుని పదో ఫోను తీసుకున్నారు.

సంస్థ నుంచి ఇద్దరు వచ్చారు. ఒకామెకు కాస్త తెలుగు వచ్చు, ఒకాయనకు రాదు. ఇద్దరి చేతుల్లోనూ నోటు పుస్తకాలు. మధ్యలో లేచినవాళ్ళను రాసుకుంటారట. ఒకరిద్దరు లేస్తే సరే, అంతకు మించితే లేదు. అక్క నా చెవిలో చెప్పింది. "నువ్వు నోరు తెరవద్దు. ఒక్క మాట సాయం చెప్పినా అంతా పోతాది." నా జీవితంలో నాకు ఇచ్చిన అతి పెద్ద పని అదే. వెనక బెంచీలో కూర్చుని రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

మొదటి కుట్టు దాటారు. నా ముందు బెంచీలో ఒక అవ్వ పక్కింటామెను "దీని నోట్లో మన్ను పొయ్య" అంది. ప్రాణం కుదుటపడింది. తిడుతున్నారంటే కథలో ఉన్నట్టే. రెండోది దాటారు. మూడోదాని దగ్గర, నిజంగానే చీనీ తోట ఉన్న పెద్ద రైతు ఒకాయన, మీసాలు పెద్దవి, మాట తక్కువ, ఫోను బెంచీ మీద టపీమని పెట్టి లేచి బయటికి వెళ్ళిపోయాడు.

నోటు పుస్తకంలో పెన్ను కదిలింది.

ఇంకో నిమిషానికి ఆయన పక్కనున్నతను కూడా లేచాడు. తర్వాత తిట్టిన అవ్వ లేచింది. పెన్ను ఇంకో రెండుసార్లు కదిలింది. అక్క నా వైపు చూడలేదు. నాకు కిటికీలోంచి శింగనమల రోడ్డు కనిపిస్తోంది. ఒక బస్సు పోతోంది. ఇదే గదిలో, ఇదే కిటికీలోంచి, ఇంతకుముందు కూడా నా పని ఇలాగే అయిపోయిందనిపించింది.

అంతలో పెద్ద రైతు తిరిగి వచ్చాడు. మీసాల నుంచి నీటి చుక్కలు కారుతున్నాయి. వెనక తక్కిన ఇద్దరూ మూతులు తుడుచుకుంటూ వస్తున్నారు. ఆయన వచ్చి తన చోట కూర్చుని, ఫోను మళ్ళీ చేతిలోకి తీసుకుని, అందరూ తననే చూస్తున్నారని గమనించాడు.

"ఏంది అట్ల చూస్తాండారు? ఆ యమ్మ యాడికి అని అడిగె. తోట నాది ఎండిపోతాంటే నేనట్లే ఎట్ల పోతా? వసారాలో కుండ ఉండాది కదా, నీళ్ళు తాగొచ్చినా."

తెలుగు వచ్చినామె నోటు పుస్తకంలో రాసింది కొట్టేసింది. తెలుగు రానాయనకు చెవిలో చెప్పింది. ఆయన లేచి వసారాలోకి పోయి కుండను చూసి వచ్చాడు. నాలుగో కుట్టు దగ్గరికి వచ్చేసరికి మనుషులు వరుసగా లేవడం, తాగడం, రావడం. మా అయ్యవారు కూడా లేచారు. ఒక్కరూ ఇంటికి పోలేదు. ఆట అయ్యేసరికి కుండ అడుగు కనిపించింది.

అసలు పండగ ఆ తర్వాతే. "మోటారు బాగై నీళ్ళు దుమికినప్పుడు నాకు కండ్లలో నీళ్ళొచ్చె" అని అవ్వ అంటే, "మోటారు యాడ బాగైంది అవ్వా? ట్యాంకరోడే కదా కరిగింది" అని పక్కనున్నతను. "మీరిద్దరూ తప్పు ఆడినారు. పక్క తోటోడు తడి ఇచ్చె. ఇస్తాడని నాకు ముందే తెలుసు" అని పెద్ద రైతు. ఎవరి చెట్లు ఎలా బతికాయో ఒకరికొకరు ఒప్పుకోరు. గది సంతలా అయింది. పక్కింటామెను తిట్టడంలో మాత్రం అందరిదీ ఒకే మాట. ఆమె చివర్లో వెంట వచ్చిందని చెప్పినప్పుడు మాత్రం అందరూ మెత్తబడ్డారు.

సంస్థ ఆమె నవ్వుతూ అడిగింది. "ఇందులో అసలు కథ ఎవరిది?"

"నాది" అన్నారు పదిమందీ.

ఆమె పుస్తకం మూసేసింది. ఈ ఆట బయటికి పోతుందంది. దీని తర్వాత ఇంకోటి కూడా చేయమంది. ఈ దారులన్నీ సర్దింది ఎవరని అడిగింది. అక్క వేలు నా మీదికి వచ్చింది. "మా రైటరు" అంది. ఆ మాట మా అమ్మ కాకుండా ఇంకొకరి నోట వినడం అదే మొదలు. కన్నడాయన వచ్చి భుజం మీద కొట్టి, "మీ అమ్మకు ఫోన్ చేసి చెప్పు గురూ, ఇది కూడా నేనే రాసినానని" అన్నాడు.

అందరూ బయట టీలు తాగుతుంటే నేను అయ్యవారి దగ్గరికి పోయాను. అంత గెలిచాక ఊరుకుంటే నేను నేనెట్లా అవుతాను?

"సార్, ఇప్పుడైనా ఒప్పుకోండి. నేను ఎనిమిది చదివినట్లేనా?"

ఆయన ఫోను తిరిగి ఇచ్చి కళ్ళజోడు తీశారు. "ఆట బాగుండాది రా. నిజంగా బాగుండాది. అయినా ఒప్పుకోను. ఏడు చదివినావు, ఎనిమిదిలో నిలబడినావు. బయట నుంచి పది పరీక్ష రాసేదానికి ఫారాలు నా బీరువాలో ఉండాయి. కూచో, ఇప్పుడే నింపుదాం."

"ఇప్పుడు యాడ సార్ టైమ్? పెద్ద పనులు ఉండాయి నాకు" అని నవ్వేసి గుమ్మం వైపు నడిచాను.

ఒక కాలు గడప దాటిందో లేదో, వెనక నుంచి ఆయన గొంతు తాపీగా వినిపించింది.

"ఏమప్పా, యాడికి పోతాండావ్?"